వేషం, ఆకల్పం, ఆహార్యం: ఏ మాట దేనికి?

ప్రశ్న:
యంగ్ అడల్ట్ ఫాంటసీ నవలలను ఇష్టంగా చదివే కౌమార వయస్కులు, ఆ కథల ప్రభావంతో తమ దుస్తులను, జుట్టును, నగలను రకరకాలుగా మార్చి చూసుకుంటూ ఉంటారు. దీని గురించి వ్యాసం రాయబోయి, ‘పర్సనల్ స్టైల్’కు సరైన తెలుగు మాట తోచక ఆగిపోయాను. ‘వేషం’ అంటే వెక్కిరింపులా ఉంది. ‘కట్టుబొట్టు’ అంటే తరతరాల ఆనవాయితీ గుర్తుకు వస్తుంది గాని, సొంతంగా ఎంచుకున్నది అనిపించదు. ‘సోకు’లో చులకన ఉంది. తెలిసినవారు తగిన పదం సూచించగలరు.

జవాబు:
ముందుగా సంస్కృత పర్యాయపద నిఘంటువైన అమరకోశం మనుష్యవర్గంలోని ఈ అర్ధశ్లోకాన్ని చూడండి.

ఆకల్పవేషౌ నేపథ్యం ప్రతికర్మ ప్రసాధనమ్

అలంకరించుకున్న రూపానికి, ఆ అలంకరణకు ఇక్కడ ఐదు మాటలు ఉన్నాయి. వీటిలో వేషం ఒక్కటే ఆ అర్థంతో మన నోట నిలిచింది. అదైనా ‘వేషాలు వేయకు’ అనే మందలింపులో పడి మర్యాద కోల్పోయింది. నేపథ్యం మరీ దూరం వెళ్లిపోయింది. నటుల అలంకరణ, ఆ అలంకరణ జరిగే తెరవెనుక చోటు అనే అర్థాలను దాటి, ఇప్పుడు ఏ సంగతికైనా వెనుక ఉన్న పరిస్థితిని చెప్పడానికి వాడుతున్నాం. ప్రతికర్మ, ప్రసాధనం పుస్తకాలలోనే ఉన్నాయి.

మీ విషయానికి ఆశ్చర్యకరంగా దగ్గరగా ఉన్న మాట ఆకల్పం. తీర్చడం, సమకూర్చడం అనే అర్థాలున్న క్లుప్ ధాతువు నుంచి వచ్చింది. కల్పన, కాల్పనికం అనే మాటలకూ అదే ధాతువు. అంతేకాదు, అదే అమరకోశం క్షత్రియవర్గంలో ‘కల్పనా సజ్జనా సమే’ అని ఉంది. అక్కడ కల్పన అంటే ఏనుగును సింగారించి సన్నద్ధం చేయడం. లేని లోకాన్ని ఊహించడానికి నేడు మనం వాడే మాటతో ఒకప్పుడు ఎదుట నిలిచిన ఏనుగును ముస్తాబు చేశారన్న మాట! కాల్పనిక నవలకూ, దానిని చదివి తీర్చుకున్న రూపానికీ భాషలోనే ఇంత చుట్టరికం ఉండగా, ఆకల్పాన్ని వాడమని చెప్పాలనే ఉంది. కాని నేటి పాఠకుడు దానిని కల్పాంతం వరకు అనే అర్థంలో తీసుకునే ప్రమాదం ఉంది గనుక, ఇష్టం లేకపోయినా పక్కన పెడుతున్నాను.

నా సూచన ఆహార్యం. భరతుడి నాట్యశాస్త్రం ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని అభినయాన్ని నాలుగు విధాలుగా చెప్పింది. శరీరం, గొంతు, మనసు నటుడివే. బయటినుంచి వచ్చి చేరేది ఆహార్యం, అంటే దుస్తులు, నగలు మొదలైన అలంకరణ, ఒక్కటే. ఆ పదానికి వ్యుత్పత్తిని బట్టి తెచ్చుకోదగినది అని అర్థం. నవల చదివినవారు చేసేది సరిగ్గా ఇదే. ఫాంటసీ నవలలలో దుస్తులు ఊరికే వర్ణన కోసం ఉండవు. మాంత్రిక విద్యాలయంలో ఎవరు ఏ శాఖవారో అంగీ రంగు చెబుతుంది, రాజ్యం పోగొట్టుకున్న వారసురాలిని ఆమె దాచుకున్న ఉంగరం పట్టిస్తుంది, శక్తి మేల్కొన్న రోజున కథానాయిక జుట్టు ముడి మారుతుంది. కట్టుకున్నది కూడా మాట్లాడుతుందని అలా గ్రహించిన పాఠకురాలు, పుస్తకంలోంచి ఒక ముదురాకుపచ్చ రంగునో, భుజం మీదుగా జారే జడనో, ముంజేతుల మీద అల్లికపనినో తెచ్చుకుంటుంది. పాత్ర మొత్తాన్ని తెచ్చుకోదు, తనకు నచ్చిన ఒక్క అంశాన్నే తెచ్చుకుంటుంది. నాట్యగ్రంథమైన అభినయదర్పణంలోని ప్రసిద్ధమైన శివస్తుతి ‘ఆహార్యం చంద్రతారాది’ అంటుంది. చంద్రుడినీ చుక్కలనూ అలంకారంగా ఇముడ్చుకున్న పదానికి ఫాంటసీ నవలల ఊహ బరువు కాబోదు.

మరొకరి సందేహం:
ఆహార్యం రంగస్థలానికి చెందిన మాట కదా! దానిని వాడితే ఈ పిల్లలు ఎవరి ఎదుటో నటిస్తున్నారనే ధ్వని రాదా? అందరికీ తెలిసిన ‘శైలి’ ఉండగా ఇంత దూరం వెళ్లడం ఎందుకు?

జవాబు:
రంగస్థలపు వాసన కొంత ఉన్న మాట నిజమే. అయితే పత్రికలలో నాయకుల ఆహార్యం గురించి, రచయితల ఆహార్యం గురించి వేదిక ప్రసక్తి లేకుండానే రాస్తున్నారు. వాడుకలో ఆ వాసన చాలావరకు తగ్గింది. శైలితో నాకున్న ఇబ్బంది వేరు. అది శీలం నుంచి వచ్చిన మాట. పలుమార్లు చేయగా చేయగా స్వభావంగా మారిన పద్ధతిని శైలి అంటాం. అందుకే మొదటి కథ రాసిన వ్యక్తికి అప్పుడే ఒక శైలి ఉందని చెప్పడానికి సందేహిస్తాం. ఈ వారం పొడవాటి అంగీ, వచ్చే వారం పొట్టి జుట్టు అంటూ మార్చి చూసుకుంటున్న పదిహేనేళ్ల పాఠకురాలు శైలిని వెతుక్కుంటోంది, అది ఆమెకు ఇంకా దొరకలేదు. దొరకనివ్వమని తొందరపెట్టడం కూడా న్యాయం కాదు.

వేషాన్ని సైతం పూర్తిగా వదులుకోనక్కరలేదు. కథానాయిక అబ్బాయిలా మారి కోటలోకి చొరబడితే అది మారువేషమే. 1980లలో జపాన్‌లో పేరు పెట్టుకున్న కాస్‌ప్లే, అంటే ఆపాదమస్తకం ఒక పాత్రలా తయారుకావడం, న్యాయంగా వేషమే. అక్కడ ఆ మాటలో చిన్నతనం ఏమీ లేదు. మీ వ్యాసంలోని పిల్లలు చేస్తున్నది అది కాదు గనుకనే ‘వేషం’ మీకు రుచించలేదని నా అనుమానం.

పక్కన ఏ క్రియ చేరుతుందో చూసినా ఈ తేడా తెలుస్తుంది. వేషం వేస్తారు, కడతారు. శైలి అలవడుతుంది, కుదురుతుంది. ఆహార్యాన్ని దిద్దుకుంటారు, మార్చుకుంటారు. కాబట్టి మీ వాక్యాన్ని ‘నవల వెంట నవల చదువుతూ ఆమె తన ఆహార్యాన్ని దిద్దుకుంటోంది, శైలి ఇంకా కుదరలేదు’ అని రాయవచ్చు. శీర్షికలో మాత్రం ‘స్టైల్’ అనే ఉంచినా నాకు అభ్యంతరం లేదు. ఆ వయసు పాఠకులు ముందుగా చూసేది శీర్షికనే కదా.