మా కన్సల్టింగ్ కంపెనీ పర్యావరణ పాలసీ: నిజమా, ఫ్లెక్సీ బ్యానరా?

అలిపిరి_మెట్లు:
తిరుపతిలో ఒక కన్సల్టింగ్ కంపెనీలో చేస్తున్నాను. పేరు అడగొద్దు, ఉద్యోగం కావాలి. దాదాపు 60 మందిమి. ఫ్యాక్టరీలకు ఖర్చు తగ్గించే సలహాలివ్వడం మా పని. మొన్న జూన్ 5న 'పర్యావరణమే మా ప్రాణం' అని ఫ్లెక్సీ కట్టి (ఫ్లెక్సీ కూడా ప్లాస్టిక్కే అని ఎవరికీ తట్టలేదు) 20 వేప మొక్కలు నాటి ఫొటోలు దిగాం. 2030కల్లా నెట్ జీరో (గాల్లోకి వదిలే కార్బన్, గాల్లోంచి తీసేసే కార్బన్ సరిసమానం కావడం) అని పాలసీ కూడా తెచ్చారు. మా పెద్దసార్లు ముగ్గురూ వారం వారం రేణిగుంటలో విమానమెక్కి హైదరాబాద్ వెళ్లొస్తుంటారు. పాలసీలో విమానం ఊసే లేదు. దీన్ని నమ్మాలంటారా?

స్వర్ణముఖి_ఇసుక:
మొక్కలు ఎన్ని బతికాయో ముందు చెప్పన్నా.

అలిపిరి_మెట్లు:
ఏడు.

లెక్కల_పిచ్చోడు:
నేను ఇలాంటి రిపోర్టులే రాస్తాను, కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తా. మీ సార్లకు ఉన్నట్టుండి ప్రకృతి మీద ప్రేమ పుట్టుకురాలేదు. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ నిబంధన ప్రకారం 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు పర్యావరణం, సమాజం విషయంలో ఏం చేస్తున్నాయో చెప్పే బీఆర్ఎస్ఆర్ అనే నివేదిక ఇవ్వాలి. వాళ్లు తమకు సరుకులు, సేవలు అందించేవాళ్లను కూడా ఆరా తీస్తున్నారు. మీకూ ఏదో క్లయింటు నుంచి ఎక్సెల్ షీటు వచ్చే ఉంటుంది: పర్యావరణ పాలసీ ఉందా, లేదా? లేదంటే మార్కులు పోతాయి. అందుకే పుట్టింది ఆ పాలసీ.

అలా పుట్టిందని కొట్టిపారేయక్కర్లేదు. మా ఇంట్లో ఇంకుడుగుంత ప్లాన్ అప్రూవల్ కోసమే తవ్వించాం. నీళ్లయితే ఇంకుతున్నాయి కదా.

అసలు మెలిక కార్బన్ లెక్కలో ఉంది. కంపెనీ వల్ల గాల్లో కలిసే కార్బన్‌ను స్కోప్ 1, 2, 3 అని మూడు పద్దులుగా రాస్తారు. సొంత జనరేటర్‌లో కాలిన డీజిల్ స్కోప్ 1. ఎస్పీడీసీఎల్ బిల్లులో కనిపించే కరెంటు స్కోప్ 2. విమానాలు, క్యాబులు, హోటళ్లు, కొన్న ల్యాప్‌టాప్‌లు, ఉద్యోగుల బైకులు అన్నీ స్కోప్ 3. కన్సల్టింగ్ కంపెనీకి చిమ్నీ ఉండదు, బరువంతా ఈ మూడో దాంట్లోనే. దాన్ని వదిలేసి నెట్ జీరో అంటే, అన్నం మానేశానని చెప్పి బిర్యానీ తిన్నట్టే.

కొర్లగుంట_కుర్రోడు:
మరి విమానం మానేసి నడిచి పోవాలా? మీటింగుకు వెళ్లకపోతే క్లయింటు పోతాడు, ఆ తర్వాత జీతాలెవరిస్తారు?

లెక్కల_పిచ్చోడు:
రాత్రి నారాయణాద్రి రైలెక్కితే పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగొచ్చు. పగలైతే 2023 ఏప్రిల్ నుంచి వందే భారత్ ఉంది.

కొర్లగుంట_కుర్రోడు:
తిరుపతి రైల్లో బెర్త్ అంటే దర్శనం టికెట్ దొరికినంత పని. మీకు తెలియనిదా?

తోతాపురి:
మీరు విమానాల దగ్గరే ఆగిపోయారు. నేను చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేస్తాను. సీజన్‌లో రాత్రింబవళ్లు కాయ దిగుతూనే ఉంటుంది. రెండేళ్ల కింద ఖర్చు తగ్గిస్తానని ఒక కన్సల్టెంట్ వచ్చాడు. ఆయన రాసిన మొదటి సలహా ఏంటో తెలుసా? మురుగునీటి ప్లాంటులో బ్లోయర్లు కరెంటు బాగా తాగుతున్నాయి, రాత్రి ఆరు గంటలు ఆపండి అని. బ్లోయర్ ఆపితే నీళ్లలో బ్యాక్టీరియాకు గాలి అందదు, మురికిని తినే పని ఆగిపోతుంది. మా నీళ్ల నిండా పండు చక్కెరే. శుద్ధి కాకుండా చెరువులో పడితే అక్కడి ఆక్సిజనంతా లాగేస్తుంది, చేపలు తేలతాయి.

అన్నట్టు ఆయన వచ్చింది ఎలక్ట్రిక్ కారులో. రిపోర్టు కాగితానికి రెండువైపులా ప్రింటు తీశాడు, చాలా పద్ధతైన మనిషి. మా మేనేజర్ ఒప్పుకోలేదు కాబట్టి సరిపోయింది. ఈ సలహా ఏ స్కోప్‌లోకి వస్తుంది సార్?

లెక్కల_పిచ్చోడు:
దెబ్బ కొట్టారు. స్కోప్ 3లో 15 రకాలున్నాయి, ఇచ్చిన సలహాకు మాత్రం గడి లేదు. నేను రాసిన రిపోర్టుల్లోనూ ఎప్పుడూ చూపించలేదు.

స్వర్ణముఖి_ఇసుక:
2024 అక్టోబరులో గ్రీన్‌వాషింగ్ (పర్యావరణానికి మేలు చేస్తున్నట్టు ఉత్తుత్తి ప్రచారం) మీద కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది కదా, ఫిర్యాదు చేయొచ్చేమో?

లెక్కల_పిచ్చోడు:
అవి వినియోగదారుల కోసం తెచ్చినవి. 'సుస్థిర సూత్రాలతో ఎదుగుతాం' లాంటి కంపెనీ ఆశయ వాక్యాలను వాటిలో పర్యావరణ ప్రకటనగా లెక్కించరు. 'పర్యావరణమే మా ప్రాణం' కూడా అలాంటి గాలిమాటే. దాని జోలికి పోయి లాభం లేదు.

అలిపిరి_మెట్లు:
రెండు రోజులుగా చదువుతున్నాను. తోతాపురి గారి మాట తర్వాత మా పాత రిపోర్టులు తీసి చూశా. బ్లోయర్ల సలహా రెండుచోట్ల మేమూ ఇచ్చాం, ఒకటి నేనే టైప్ చేశాను. అప్పుడు యూనిట్లు ఎన్ని మిగులుతాయన్నదే చూశాను.

ట్రావెల్ డెస్క్‌ను అడిగితే మూడు నెలల విమాన టికెట్లు 74 అని తేలింది. ఈ రెండు సంగతులూ పాలసీలో చేర్చమని పెద్దసార్‌కు మెయిల్ పెట్టాను. 'మంచి పాయింట్, సోమవారం మాట్లాడదాం' అన్నారు. సోమవారం ఆయన హైదరాబాద్‌లో ఉంటారు.