రీషి పుట్టగొడుగుల సారాన్ని ఎక్కడ పరీక్ష చేయించాలి?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడుతున్న మా నాన్నగారికి బంధువులొకరు రీషి పుట్టగొడుగుల సారం క్యాప్సూళ్లు ఇచ్చారు. రీషి వల్ల రక్తస్రావం ముప్పు పెరగవచ్చు కనుక, డాక్టరుగారు చెప్పేవరకు వాటిని పక్కన పెట్టించాను. డబ్బా మీద ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు సంఖ్య, పాలీశాకరైడ్ల (చక్కెర అణువుల గొలుసుల) శాతం ఉన్నాయి తప్ప బ్యాచ్ పరీక్షా ఫలితాలు లేవు. లైసెన్సు వ్యాపారికే గాని సరుకుకు పూచీ కాదు. పైగా ధాన్యం మీద పెంచినదైతే మిగిలిన పిండిపదార్థం కూడా పాలీశాకరైడ్ల లెక్కలోకే వస్తుంది, కాబట్టి పుట్టగొడుగుకు చెందిన పాలీశాకరైడ్లయిన బీటా గ్లూకాన్లను వేరుగా కొలవాలి. పుట్టగొడుగులు తాము పెరిగే చోటి నుంచి కాడ్మియం, సీసం వంటి భారలోహాలను పీల్చుకుంటాయి గనుక నా అసలు బెంగ వాటి గురించే. విశాఖపట్నంలో గాని భువనేశ్వర్‌లో గాని, ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలను మదింపు చేసే జాతీయ సంస్థ) గుర్తింపు ఉండి, మాబోటి వాళ్లు పంపే ఒక్క డబ్బానైనా కాదనకుండా పరీక్షించే ప్రయోగశాల తెలిసినవారు, ఎన్ని గ్రాములు పంపాలో, ఖర్చెంతవుతుందో దయచేసి తెలియజేయగలరు.