వ్రాఖ్ట్‌బ్రీఫ్‌ని బిల్ ఆఫ్ లేడింగ్ అంటే తప్పేంటి?

వేర్‌హౌస్_వాసు: క్లయింట్‌ది రోటర్‌డామ్ దగ్గర డిస్ట్రిబ్యూషన్ సెంటర్, వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో డచ్ స్క్రీన్లు ఇంగ్లిష్‌లోకి మారుస్తున్నాం. వ్రాఖ్ట్‌బ్రీఫ్ అంటే లారీతో పాటు వెళ్లే కాగితమే కదా అని బిల్ ఆఫ్ లేడింగ్ పెట్టా. రివ్యూలో కొట్టేశారు. ఎందుకంటారు?

పదాల_పద్మ: కొట్టేయక ఏం చేస్తారండీ. అది ఓడ కాగితం, దానికి డచ్‌లో కొన్యొస్సెమెంట్ అని వేరే మాటే ఉంది. ఒరిజినల్ తెచ్చి చూపించినవాళ్లకే రేవులో సరుకిస్తారు, బ్యాంకులో పెట్టి అప్పు కూడా తెచ్చుకోవచ్చు. లారీ కాగితానికి అంత సీనుండదు. కన్‌సైన్‌మెంట్ నోట్ అనాలి, దేశాల మధ్య రోడ్డు రవాణాకి ఉన్న 1956 జెనీవా సీఎంఆర్ ఒప్పందం ఇంగ్లిష్ ప్రతిలో ఉన్నదీ అదే.

డల్లాస్_దొర: మేడమ్, అమెరికాలో లారీ డ్రైవర్ చేతిలో ఉండేది కూడా బిల్ ఆఫ్ లేడింగే. స్ట్రెయిట్ బిల్ అంటాం, దాంతో సరుకు హక్కు ఇంకొకరికి మార్చడం కుదరదు. ఓడ కాగితం అని ఎవరు చెప్పారు మీకు?

పదాల_పద్మ: లారీ ఉన్నది రోటర్‌డామ్‌లో.

డల్లాస్_దొర: ఓడ కాగితం అన్నారు, ముందు దానికి జవాబు చెప్పండి.

చింటూ99: మొదలైంది రా బాబు

పదాల_పద్మ: ఆ మధ్య ఒక ఏజెన్సీ కాంట్రాక్ట్ ఇచ్చింది, అందులో ఎక్స్‌పెడితోర్ అనే డచ్ మాటని ఎవరో మెషీన్ ట్రాన్స్‌లేషన్‌లో వేసి క్యారియర్ చేశారు. రవాణా కుదిర్చిపెట్టే ఫార్వర్డర్ నెత్తిన బండి తోలేవాడి బాధ్యత పడ్డట్టేగా! అంతా సరిచేసిస్తే ప్రూఫ్‌రీడింగే కదా అని సగం రేటు ఇచ్చారు. మీలా "ఏదైతే ఏంటి" అనేవాళ్ల వల్లే మాకీ గతి.

వేర్‌హౌస్_వాసు: నన్నెందుకండీ తిడతారు, నాది కాంట్రాక్ట్ కాదు, స్కానర్ గన్ మీద బటన్. నొక్కేది ఎక్కువగా పోలండ్ కుర్రాళ్లు, వాళ్లూ డ్రైవర్లూ అందరూ దాన్ని సీఎంఆర్ అనే అంటారు.

పదాల_పద్మ: ఇదేదో ముందే ఏడిస్తే పోయేది కదా. సరిహద్దు దాటే లోడ్‌కి సీఎంఆర్ అనే పెట్టుకోండి. నెదర్లాండ్స్ లోపలే తిరిగే లారీకి మాత్రం కుదరదు, దానికి మామూలుగా ఏవీసీ షరతులు, అంటే డచ్ లోపలి రవాణాకి వాడే సాధారణ షరతులు.

వేర్‌హౌస్_వాసు: పెట్టనిస్తేగా! మేనేజర్ డిక్షనరీ మాటే కావాలంటాడు. గోడౌన్‌లో వాళ్లని ఒకసారి అడుగుతానంటే హైదరాబాద్ టీమ్ నేరుగా యూజర్లతో మాట్లాడకూడదంట. వాడేవాళ్లని అడక్కుండా ఎన్ని మాటలు మార్చినా రివ్యూలో కొడుతూనే ఉంటారు, అసలు నా మంట అదీ.

డల్లాస్_దొర: అది ఆఫీసు రాజకీయం. బీఓఎల్ (బిల్ ఆఫ్ లేడింగ్) తప్పు కాదని ఒప్పుకున్నట్టేనా?

పదాల_పద్మ: డల్లాస్‌లో తప్పు కాదు. వాసు గారూ, బటన్‌కి ఒక కాలమ్, ప్రింటయ్యే కాగితానికి ఇంకో కాలమ్ పెట్టి షీట్ పంపండి, చూస్తా. ఫ్రీగా మాత్రం కాదు.