కోళ్లకు సజ్జ మొలకలు: ఎండలు ముదిరాక పులిసిపోతున్నాయి, ఎందుకు?

పొదిలి_నాటుకోళ్లు:
మొత్తం 25 నాటుకోళ్లు, అందులో పెట్టలు 18. రోజుకు కిలో సజ్జలు రాత్రి నానబెట్టి, పొద్దున నీళ్లు వంచి, తడి గోనెసంచిలో మూట కట్టి వంటింటి మూల పెడుతున్నాను. మార్చి దాకా బాగానే మొలిచాయి. ఇప్పుడు మర్నాడు మూట విప్పితే లోపల వేడి, పుల్లటి వాసన. నడుమ గింజలు జిగటగా ఉంటున్నాయి. అంచుల్లో మొలిచినవాటి మీద తెల్లటి నూగు కనిపిస్తోంది. ఇవి పెట్టొచ్చా? జొన్నలు, వడ్లు కూడా ఉన్నాయి, వాటినీ మొలకెత్తించాలని ఉంది. కోడికి ఎంత పెట్టాలి? మూడు రోజులుగా రెట్ట పల్చగా పడుతోంది.

కందుకూరు_పెరడు:
అన్నా, పులిసిన మూట పెట్టొద్దు. పెంటదిబ్బ మీద వేసినా కోళ్లు కెలికి తినేస్తాయి, గుంట తీసి పూడ్చెయ్యండి.

మొలిచే గింజ గాలి పీలుస్తుంది, వేడి పుట్టిస్తుంది. కిలో సజ్జలు నానితే కిలోన్నర దాకా తూగుతాయి. అంత ముద్దను మూట కడితే నడుమ గింజలకు గాలి అందదు, పుట్టిన వేడి బయటికి పోదు. అంచులు మొలిచి నడుమ పులిసింది అందుకే. చలికాలంలో మూట వెచ్చదనం మేలు చేస్తుంది, మే నెలలో అదే చెరుపు. సంచి మానేసి వెడల్పాటి టబ్బుకు మారండి.

అంగుళానికొకటి చొప్పున సన్నటి బెజ్జాలు టబ్బు అడుగంతా పొడవండి. సజ్జ చిన్న గింజ కాబట్టి అడుగున పాత పంచె ముక్క పరవండి. గింజ మందం అర అంగుళం దాటకూడదు. టబ్బును రెండు ఇటుకల మీద ఒక వైపు ఎత్తు పెడితే నీళ్లు నిలవవు. మొలకకు కావలసింది చెమ్మ, నీళ్లు కాదు. టబ్బు కింద చెయ్యి పెడితే చుక్క రాలకూడదు, గింజ పట్టుకుంటే మాత్రం తడి తెలియాలి.

నానబెట్టే ముందు సజ్జలను బకెట్ నీళ్లలో పోసి కలిపి, పైకి తేలిన తాలు, పొట్టు తీసెయ్యండి. తర్వాత రెండు సార్లు కడగండి. ముందు కుళ్లేవి విరిగిన గింజలే, వాటిని జల్లెడ పట్టి విడిగా ఎండువే పెట్టండి. ఈ ఎండల్లో సజ్జలకు ఆరు నుంచి ఎనిమిది గంటల నాను చాలు. వంచాక పొద్దున, మధ్యాహ్నం, రాత్రి కడగండి. ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు: మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లు చెయ్యి కాలేట్టు ఉంటాయి, వాటితో కడిగితే మొలక అక్కడికక్కడే చస్తుంది. కుండలో పట్టిపెట్టిన నీళ్లే వాడండి. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే నానబెట్టడానికి మంచినీళ్లు తీసుకోండి, ఉప్పు నీటిలో గింజ సరిగా నీరు తాగదు.

వంచిన 24 గంటలకు మొలక నాలుగైదు మిల్లీమీటర్లు వస్తుంది. అప్పుడే పెట్టెయ్యండి.

ఆత్మకూరు_పెట్టలు:
తెల్లటి నూగు గురించి. అది రెండు రకాలు. మొలక వేరుకు సన్నటి నూలు లాంటి వేరు వెంట్రుకలు వస్తాయి, ఒక్కో వేరు చుట్టూ సమానంగా ఉంటాయి. నీళ్లు చల్లితే అణిగిపోయి కనిపించవు, వాసన పచ్చి గింజ వాసనే. అవి పెట్టొచ్చు. బూజు అలా కాదు. సాలెగూడులా గింజ నుంచి గింజకు అల్లుకుంటుంది, చిటికెడు తీస్తే పదిగింజలు కలిసి వస్తాయి. తర్వాత బూడిద రంగుకో పచ్చకో తిరుగుతుంది, ముక్కిన వాసన కొడుతుంది. పైపైన తీసి మిగతావి కడిగి పెట్టడం తప్పు, మొత్తం పారెయ్యాలి. బూజు విషం కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది, కడిగినంత మాత్రాన పోదు. టబ్బు, పంచె గుడ్డ ప్రతి విడత తర్వాత తోమి మండుటెండలో ఆరబెట్టండి.

జొన్నలు మాత్రం మొలకెత్తించకండి. జొన్న నాము (జొన్న కోసాక మోళ్ల నుంచి వచ్చే లేత పిలకలు) మేసి పశువులు పడిపోవడం మన వైపు అందరికీ తెలిసిందే. ఆ సైనైడ్ విషమే లేత జొన్న మొలకలోనూ తయారవుతుంది. జొన్నలు ఎండుగానో, రాత్రి నానబెట్టి మొలక రాకముందో పెట్టండి.

ఇంకో మాట. విత్తనాల దుకాణంలో మిగిలిన విత్తనం చవగ్గా వస్తోందని తేకండి. ఎర్రగా, గులాబీగా, నీలంగా రంగు పట్టించినవి మందు కలిపినవి. ఎంత కడిగినా కోళ్లకు పనికిరావు.

పొదిలి_నాటుకోళ్లు:
నాది వేరు నూగు కాదు, అల్లుకున్న బూజే. పూడ్చేస్తాను. వడ్లు కూడా వేసి చూశాను, రెండో రోజుకు పదిలో మూడు కూడా మొలవలేదు. 15 రోజుల కింద కోసినవి.

కావలి_వరిమడి:
మీ వడ్లు చెడలేదండి. కొత్తగా కోసిన వడ్లు రకాన్ని బట్టి కొన్ని వారాలు నిద్రావస్థలో ఉంటాయి. నెల తర్వాత గుప్పెడు లెక్కపెట్టి వెయ్యండి. వందకు 80 దాటి మొలిస్తేనే మొలకలకు వాడండి, మొలవని గింజ టబ్బులో ఊరికే కుళ్లుతుంది. నారుమడికి మండె కట్టినట్టే (నానిన వడ్లను గోనె కప్పి మొలకెత్తించినట్టే) చెయ్యాలి: 24 గంటలు నానబెట్టి, మధ్యలో రెండు సార్లు నీళ్లు మార్చి, తర్వాత 36 గంటలు మొలకెత్తనివ్వాలి. తేడా ఒక్కటే, గోనె కింద కుప్ప పొయ్యకుండా పల్చగా పరవాలి. వడ్ల పొట్టు చెమ్మ పట్టి ఉంచుతుంది, రోజుకు రెండు కడుగులు సరిపోతాయి.

ఇక కొలత. పెద్ద కోడి రోజుకు సుమారు 100 గ్రాముల మేత తింటుంది. అందులో 25 గ్రాముల ఎండు గింజకు సరిపడా మొలకలు చాలు. మీ 25 కోళ్లకు రోజుకు 600 గ్రాముల సజ్జలు నానబెడితే కిలో దాకా మొలకలు వస్తాయి. మీరు వేసే కిలో ఎక్కువ. తూకం పెరిగిందంటే నీరు చేరిందని అర్థం, మేత పెరిగిందని కాదు. మొలకెత్తేటప్పుడు గింజలోని పిండి కొంత ఖర్చయిపోతుంది కూడా. మొలకలతో కడుపు నింపితే కోడి దాణా తగ్గిస్తుంది, మాంసకృత్తులు తగ్గి గుడ్లు పడిపోతాయి. కాస్త మాంసకృత్తుల కోసం వారానికి రెండు రోజులు సజ్జల్లో అయిదో వంతు పెసలు కలపండి, అవీ 24 గంటల్లోనే మొలుస్తాయి.

రెట్ట పల్చనవడానికి పులిసిన గింజ ఒక కారణం, నీరున్న మేత ఒక్కసారిగా పెంచడం ఇంకోటి. మూడు రోజులు మొలకలు ఆపి ఎండు దాణా, మంచినీళ్లు ఇవ్వండి. తిరిగి మొదలుపెట్టేటప్పుడు కోడికి పది గ్రాములతో మొదలుపెట్టి వారంలో పెంచండి. రెట్టలో రక్తం కనిపించినా, కోడి ముడుచుకుని కూర్చున్నా అది మొలకల వల్లే అనుకుని ఊరుకోకండి, పశువైద్యశాలకు తీసుకెళ్లండి.

పెట్టలకు ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో ఎప్పుడూ ఉంచండి. గుడ్డు పెంకులో రెండు గ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, మొలకలు దాన్ని ఇవ్వలేవు. మొలకలు పొద్దున ఏడులోపు శుభ్రమైన పట్టా మీద చల్లండి, అరగంటలో తినలేనివి ఎత్తెయ్యండి. ఎండ ఎక్కితే ఆ మిగిలిన గింజే మళ్లీ పులుస్తుంది.

కందుకూరు_పెరడు:
బెజ్జాల గురించి ఇంకో మాట: టబ్బు అడుగున అంగుళానికొకటి, రెండు మిల్లీమీటర్ల మేకును కాల్చి పొడిస్తే సరి. అంతకన్నా పెద్దవైతే గుడ్డ జరిగినప్పుడు సజ్జలు జారిపోతాయి.