పట్టు బ్లౌజ్ మీద కసూతి: మగ్గం వర్క్ వాళ్ళతో చేయిస్తే సరిపోతుందా?

అనంతపురం అమ్మాయి:
మా జేజి వాళ్ళది ధార్వాడ పక్క. ఆమె పెళ్ళికి పెట్టిన నల్ల పట్టుచీర మా బీరువాలో ఉంది, కొంగు కాడ గోపురాలు, తేరు, ఏనుగులు అన్నీ చేత్తో కుట్టినవే, కసూతి అంటారంట. శ్రావణంలో మా చెల్లి పెళ్ళి, నాకు ధర్మవరం పట్టు తీసినారు, దాని బ్లౌజ్ చేతుల మీద అదే డిజైన్ వేయించుకోవాలని ఆశ. ఇక్కడ మగ్గం వర్క్ షాపులో అడిగితే ఫోటో చూసి అదెంత పని దించేస్తాం అన్నారు. మా అమ్మేమో, నల్లచీర పెళ్ళిళ్ళకి ఎవరు కడతారు, ఆ కొంగు కత్తిరించి చేతులకి అతికించేయ్ అంటోంది. ఏం చేసేది?

గుంతకల్లు అక్క:
డిజైన్ దిగుతుంది గానీ కసూతి దిగదమ్మా. మగ్గం వాళ్ళు గుడ్డని చట్రానికి బిగించి, డిజైన్ అచ్చు వేసుకొని, ఆరీ సూదితో కింది నించి దారం లాగి గొలుసు కుట్టు వేస్తారు. కసూతిలో అచ్చూ లేదు గీతా లేదు, పోగులు లెక్కపెట్టుకుంటా మామూలు సూదితో పోవడమే, ముడి కూడా వెయ్యరు. గవంతి అనే కుట్టులో పోయేటప్పుడు మధ్యమధ్య ఖాళీలు విడిచి, తిరిగొచ్చేటప్పుడు వాటిని నింపుకుంటా వస్తారు, అందుకే ముందూ వెనకా ఒకే మాదిరి ఉంటుంది. ముర్గి అనే కుట్టు మెట్లుమెట్లుగా పోతుంది. నేయిగె, మెంతి అని ఇంకో రెండున్నాయి. కొంగు ఒకసారి తిరగేసి చూడు, షాపు వాళ్ళ శాంపిల్ కూడా తిరగేసి చూడు.

కడప కుర్రోడు:
ఇంత రామాయణం ఎందుకప్పా, పెళ్ళిలో బ్లౌజ్ తిరగేసి చూసేదెవరు? కసూతి నాలుగడుగుల దూరం నించి కనపడదు కూడా. జర్దోసి, కుందన్లు పెట్టించుకుంటే ఫోటోల్లో మెరుస్తాది. మా అక్కకి అట్లనే చేయించినాం, బరువుకి భుజాలు నొప్పి అని తిట్టుకుంది అది వేరే సంగతి.

ధర్మవరం నేత:
గుంతకల్లు అక్క చెప్పింది కరెక్టే, కాకపోతే ఒక చిక్కుంది. మా పట్టులో పోగులు సన్నం, దగ్గర దగ్గరగా ఉంటాయి, కంటితో లెక్కపెట్టి కుట్టడం అయ్యే పని కాదు. అందుకని గళ్ళు తెలిసే మ్యాటీ గుడ్డని పైన టాకాలేసి, ఆ గళ్ళ లెక్కతో రెండు గుడ్డలూ కలిపి కుట్టి, అంతా అయినాక మ్యాటీ పోగులు ఒక్కొక్కటే లాగేస్తారు, కుట్టు పట్టు మీద మిగుల్తుంది. కాబట్టి ముక్క కత్తిరించి లైనింగ్ వెయ్యకముందే ఇవ్వాల. జరీ అంచు మీద మాత్రం వద్దు, సూది పొడిస్తే జరీ లేస్తుంది, దాని పైనున్న ఖాళీలో వేయించుకో. దారం రంగు దిగుతుందేమో తెల్లగుడ్డ తడిపి రుద్ది చూడమను.

అనంతపురం అమ్మాయి:
తిరగేసి చూసినా అక్కా, గోపురం గీతలు రెండు పక్కలా ఒకటే, యాడా ముడి లేదు!! షాపు శాంపిల్ వెనక అంతా దారాల గజిబిజి. మరి కొంగు కత్తిరించేది?

గుంతకల్లు అక్క:
కత్తెర దాచిపెట్టు ముందు. ఆ పక్క పెళ్ళికూతురికి కసూతి కుట్టిన నల్ల చంద్రకళ చీర పెట్టడం ఆనవాయితీ, మీ అమ్మకి చెప్పు, అది అశుభం కాదు పెళ్ళిచీరే. పాత పట్టు మడతల కాడ నలిగుంటుంది, చంక కాడ చెమట తగిలితే ఒక్కరోజుకే పిగిలిపోతుంది. కొత్త ముక్క మీదే కుట్టించు. ధార్వాడ, హుబ్బళ్ళిలో చేత్తో కుట్టే ఆడవాళ్ళున్నారు, గుంతకల్లు నించి హుబ్బళ్ళికి ట్రైన్ ఉంది. కసూతికి జీఐ ట్యాగ్, అంటే ఇది ఆ ప్రాంతం పనే అని చెప్పే ప్రభుత్వ గుర్తింపు, ఉంది గానీ ఆ పేరుతో మెషిన్ ఎంబ్రాయిడరీ కూడా అమ్ముతారు, వెనక కాగితం లాంటి గుడ్డ అతికించుంటే తీసుకోవద్దు. శ్రావణానికి కావాలంటే ఇప్పుడే ఇయ్యి, చేతులకి చాలు, వీపుకి వద్దు. చీర ఎవరికీ పంపొద్దు, పక్కన స్కేలు పెట్టి కొంగు రెండు పక్కలా దగ్గరగా ఫోటోలు తీసి పంపు, వాళ్ళు కుట్లు లెక్కేసుకుంటారు.