గడ్డకే వెళ్లే మందయితే అరచేతుల తోలు ఎందుకు లేస్తోంది?

గిరింపేట మాస్టారు (ప్రశ్న):

చిత్తూరు నుంచి రాస్తున్నాను. మా అక్కకు అరవై రెండేళ్లు. అండాశయ క్యాన్సర్‌కు రెండేళ్ల క్రితం ఆపరేషను, కీమో జరిగాయి. ఈ ఏడాది జబ్బు తిరగబెట్టడంతో నాలుగు వారాలకొకసారి తిరుపతికి తీసుకువెళ్తున్నాము. అక్కడ లైపోజోమల్ డాక్సోరూబిసిన్ అనే ఎర్రటి మందును చుక్కలుచుక్కలుగా ఎక్కిస్తున్నారు. ఇది మామూలు కీమో కాదనీ, గడ్డకే గురిపెట్టి వెళ్తుందనీ, తక్కిన ఒంటికి ఏమీ కాదనీ మొదటిరోజు మాకు చెప్పారు. మూడో విడత అయిన పది రోజులకు ఆమె అరచేతులు కమిలినట్టు ఎర్రబడ్డాయి. ఇప్పుడు వేళ్ల కణుపుల దగ్గర తోలు పొరలుగా లేస్తోంది. నలభై ఏళ్లుగా పొగలు కక్కే సంగటిని తడిచేత్తో ముద్దలు కట్టిన మనిషి, నిన్న నీళ్ల చెంబు పట్టుకోలేక కింద పెట్టేసింది.

గడ్డకే వెళ్లే మందు అరచేతికి ఎందుకు వచ్చింది? రెండో సందేహం మా అబ్బాయిది. ఇలాంటి కొవ్వు బుడగలే కరోనా టీకాలోనూ ఉన్నాయని వాడు ఎక్కడో చదివాడు. అక్క రెండు డోసులూ వేయించుకున్నది కనుక, ఆ రెండూ కలిసి ఏమైనా చేస్తున్నాయా అని ఇంట్లో భయపడుతున్నారు.

ఫార్మసీ పాఠాలు, తిరుపతి:

మాస్టారూ, ముందుగా ఆ "గురి" అన్న మాటను కొంత సడలించుకోవాలి. ఈ మందుకు దారి చూపేది ఏదీ లేదు. డాక్సోరూబిసిన్ పాత మందే. బాగా పనిచేస్తుంది కానీ గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది కనుక, మామూలు రూపంలో ఒక మనిషికి జీవితం మొత్తం మీద చదరపు మీటరు శరీర వైశాల్యానికి 450 నుంచి 550 మిల్లీగ్రాములకు మించనివ్వరు. అదే మందును దాదాపు 80 నుంచి 100 నానోమీటర్ల కొవ్వు బుడగల్లో బంధిస్తే మీ అక్కగారికి ఎక్కిస్తున్న రూపం వస్తుంది. బంధించే తీరు నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది: బుడగ లోపల ముందే అమ్మోనియం సల్ఫేటు ద్రావణం ఉంచుతారు, బయటి మందు పొర దాటి లోపలికి వెళ్లి, అక్కడి సల్ఫేటుతో కలిసి స్ఫటికంగా గట్టిపడి, మళ్లీ బయటకు రాలేకపోతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే ఆ బుడగ, నడుమ గీత ఉన్న కాఫీ గింజలా కనిపిస్తుంది. పైన పెగ్ అనే పాలిమరు పూత ఉండడం వల్ల కాలేయం, ప్లీహాలలోని భక్షక కణాలు దాన్ని వెంటనే పట్టుకోలేవు. అందుకే విడిగా ఇస్తే నిమిషాల్లో రక్తం నుంచి కణజాలాల్లోకి వెళ్లిపోయే మందు, బుడగలో ఉంటే రోజుల తరబడి రక్తంలోనే తిరుగుతుంది. అమెరికాలో 1995లో అనుమతి పొందిన డాక్సిల్ ఈ కోవలో మొదటిది.

ఇక గడ్డలోకి ఎలా చేరుతుందంటే, క్యాన్సర్ గడ్డలో హడావుడిగా పుట్టిన రక్తనాళాలకు గోడలు సరిగా అతుక్కోవు. ఆ సందుల గుండా బుడగలు కారి, బయటకు తోడిపోసే లింఫు వ్యవస్థ అక్కడ బలహీనంగా ఉండడం వల్ల లోపలే నిలిచిపోతాయి. మాట్సుమురా, మయేదా అనే జపాను శాస్త్రవేత్తలు 1986లో చెప్పిన సంగతి ఇది. గుండెలోని నాళాల గోడలు బిగుతుగా ఉంటాయి కనుక అక్కడ కారేది తక్కువ. కానీ రోజుల తరబడి రక్తంలో తిరిగే వస్తువు, ఒత్తిడి, రాపిడి, వేడి తగిలే చోటల్లా సన్నని నాళాల నుంచి కొంత కారుతుంది; అరచేతులు, అరికాళ్లు అలాంటి చోట్లు. చెమట గ్రంథుల ద్వారా కూడా చర్మంలోకి చేరుతుందని మరొక వివరణ ఉంది. అండాశయ క్యాన్సర్‌లో ఈ మందు తీసుకున్నవారిలో సుమారు సగం మందికి ఏదో ఒక స్థాయిలో ఈ బాధ కనిపించింది. అంటే గుండెను కాపాడిన గుణమే చేతుల మీదికి తెచ్చింది. ఒంటికి ఏమీ కాదని మీకు చెప్పడం సరి కాదు.

2016లో వచ్చిన ఒక విస్తృత సమీక్ష ప్రకారం, ఎక్కించిన నానో మందులో (ఇలాంటి అతిసూక్ష్మ కణాల్లో పెట్టి ఇచ్చే మందులో) గడ్డకు చేరింది సగటున చూస్తే 0.7 శాతమే.

అలిపిరి దారి (పరిశోధక విద్యార్థిని):

సార్ చెప్పిన వివరణతో ఏకీభవిస్తాను కానీ, ఆ 0.7 శాతాన్ని అలా ఒంటరిగా వదిలేస్తే మాస్టారుగారు ఆ మందు దండగ అనుకునే ప్రమాదముంది. ఆ సమీక్షలోని ప్రయోగాలు ఎలుకల మీద చేసినవి, అందులో లెక్కించింది సగటు కాదు, మధ్యస్థ విలువ. పైగా బుడగ లేకుండా ఇచ్చిన మందులో గడ్డకు ఎంత చేరేదన్నది పక్కన పెట్టి చూడకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

నిజంగా గురి ఉన్న మందులు వేరే ఉన్నాయి. క్యాన్సర్ కణం మీద హెర్‌2 అనే ప్రోటీను మెండుగా ఉంటే, దాన్ని పట్టుకునే యాంటీబాడీకి విషపు మందును రసాయనికంగా తగిలించి పంపుతారు. 2013లో అనుమతి పొందిన ట్రాస్టుజుమాబ్ ఎమ్టాన్సిన్‌లో ఒక్కో యాంటీబాడీకి సగటున మూడున్నర మందు అణువులు, 2019లో వచ్చిన ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్‌లో ఎనిమిది ఉంటాయి. అవి కూడా నూటికి నూరుపాళ్లు గడ్డలోనే ఆగవు. రెండోదానికి ఊపిరితిత్తుల వాపు గురించి ప్రత్యేక హెచ్చరిక ఉంది.

టీకా సంగతి. మీ అక్కగారు తీసుకున్నది ఏదో ధ్రువపత్రంలో చూడండి. మన జిల్లాలో దాదాపు అందరికీ వేసింది కోవిషీల్డ్ లేదా కోవాగ్జిన్. మొదటిది మార్చిన అడినోవైరస్, రెండోది చంపిన కరోనా వైరస్. రెండింటిలోనూ కొవ్వు బుడగలు లేవు. మీ అబ్బాయి చదివింది ఫైజర్, మోడెర్నాల ఎం.ఆర్.ఎన్.ఏ. టీకాల గురించి. వాటి కణాలు పరిమాణంలో దీనికి దగ్గరగానే ఉంటాయి, పెగ్ కూడా ఉంటుంది, కానీ లోపలి ఏర్పాటు వేరు. రక్తంలో తటస్థంగా ఉండి, కణం మింగాక ఆమ్లం తగలగానే ధనావేశం పొందే కొవ్వు ఒకటి వాటిలో ఉంటుంది. ఆ మార్పు వల్లనే లోపలి ఆర్.ఎన్.ఏ. బయటపడుతుంది. లైపోజోమల్ మందు ఎంతకాలం తిరిగితే అంత మంచిదనుకుంటాము. టీకా తిరగనక్కరలేదు, భుజం కండరం నుంచి చంకలోని లింఫు గ్రంథులకు చేరితే చాలు. ఆ టీకాల తర్వాత చంకలో గ్రంథులు ఉబ్బి, మామోగ్రాములు (రొమ్ము ఎక్స్‌రేలు) చదివే వైద్యులను కొన్నాళ్లు తికమక పెట్టాయి కూడా.

డే కేర్ సిస్టరు:

మాస్టారుగారూ, నేను కీమో వార్డులో పనిచేస్తాను. తోలు లేస్తున్న సంగతి తర్వాతి విడత దాకా దాచకుండా ఈ రోజే ఫోను చేసి చెప్పండి. ఎంత తీవ్రంగా ఉందో చూసి డాక్టరు ఒకటి రెండు వారాలు వాయిదా వేయడమో, మోతాదు తగ్గించడమో చేస్తారు. అలా చేస్తే మందు వృథా అవుతుందేమోనని చాలామంది నోరు విప్పరు, పుండ్లు పడ్డాక వస్తారు.

వేడి సంగటి ముద్దలు కట్టడం మానిపించండి, వేరెవరైనా కట్టాలి. వేడినీళ్లతో గిన్నెలు తోమడం, బట్టలు పిండడం, బిగుతు చెప్పులు, బస్సులో నిలబడి కడ్డీ పట్టుకుని రావడం, ఇవన్నీ మందు ఎక్కించిన తర్వాతి వారమంతా వద్దు. చల్లటి తడిగుడ్డ వేయవచ్చు, ఐసుముక్క నేరుగా పెట్టకూడదు. రుద్దకుండా, వాసన లేని క్రీము పైపైన పూయండి. ఎవరైనా చలవ చేస్తుందని గోరింటాకు పెట్టమంటారు, దయచేసి పెట్టకండి. ఆ ఎరుపు కింద అసలు ఎరుపు కనిపించక డాక్టరుగారు తీవ్రతను అంచనా వేయలేకపోతారు. మా వార్డులో ఒకసారి అలాగే జరిగింది.

గిరింపేట మాస్టారు:

అందరికీ కృతజ్ఞతలు. ధ్రువపత్రం తీసి చూశాము, కోవిషీల్డే. ఫోను చేస్తే పది రోజులు ఆగి రమ్మన్నారు. గోరింటాకు మా పక్కింటావిడ నిన్ననే నూరి తెచ్చింది, అది అలాగే గిన్నెలో ఉంది. ఒక్క మాట అడగాలి: గుండెకు హాని తక్కువైతే, ఈసారి మళ్లీ ఎకో పరీక్ష ఎందుకు రాశారు?

ఫార్మసీ పాఠాలు, తిరుపతి:

తక్కువే కానీ లేకుండా పోలేదు. బుడగలో ఇచ్చినదీ పైన చెప్పిన జీవితకాలపు మోతాదు లెక్కలోకి వస్తుంది, ఇంతకుముందు ఈ జాతి మందు ఏదైనా ఇచ్చి ఉంటే అదీ కలుస్తుంది. పాత కీమో కాగితాలు ఉంటే ఎకోకు వెళ్లేటప్పుడు వెంట తీసుకువెళ్లండి.