సినిమా దర్శకుడు ఎల్.వి.ప్రసాద్ గారి తొలి రోజుల గురించి తెలిసినవాళ్లు చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. వచ్చే నెల మా నాటక బృందంలో ఎల్.వి.ప్రసాద్ గారి గురించి నేను మాట్లాడాలి. 1931లో 'ఆలం ఆరా', 'కాళిదాస్', ఆ తర్వాత 'భక్త ప్రహ్లాద': హిందీ, తమిళం, తెలుగు మూడు భాషల తొలి టాకీల్లోనూ (మాటలున్న సినిమాల్లోనూ) ఆయనవి చిన్న వేషాలే! అలాంటి మనిషి 1949లో 'మనదేశం'తో ఎన్టీఆర్‌ని తెరకు పరిచయం చేశారు. 1982 సంవత్సరానికి ఫాల్కే అవార్డు అందుకున్నారు.

నన్ను పట్టి లాగేది మాత్రం 1946 నాటి 'గృహప్రవేశం'. దర్శకత్వం ఆయనదే, భానుమతి గారి పక్కన హీరో కూడా ఆయనే. తనే నటిస్తూ షాట్ ఎలా చూసుకునేవారు? నేనూ నాటకాల్లో వేస్తూ, వేయిస్తూ ఉంటాను కాబట్టి ఇది తెలుసుకోవాలని చాలా ఆశ. దీని గురించి ఆయన ఇంటర్వ్యూలు గానీ, పాత సినిమా పత్రికలు గానీ ఎవరి దగ్గరైనా ఉన్నాయా? వైజాగ్‌లో అయితే ఎక్కడికైనా వచ్చి చూసుకుంటాను. టైమ్ తక్కువ, కాస్త టెన్షన్‌గా ఉంది.